ఒక పొర దించాక

ఆ ఏడు శారదానది మా ఊరికి వంటచెరకు మోసుకొచ్చింది. దసరా ముందు పట్టిన తుపాను ఓ పట్టాన వదల్లేదు. మాడుగుల కొండల మీద కూలిన చెట్లన్నీ ఏట్లో కొట్టుకొచ్చి, కశింకోట దిగువన మా రేవు దగ్గర ఇసుకలో మేటవేశాయి. వరద తీయగానే ఊరు ఊరంతా కత్తులూ తాళ్ళూ పట్టుకుని ఏటికి పరుగెత్తింది. నేనూ పోయి ఓ మోపు కట్టుకొచ్చాను. ఇంటి ముందు మోపు దించిన చప్పుడికి అరుగు మీద కూర్చున్న మా అత్త అచ్చియమ్మ తల ఎత్తింది.

"ఆటో ఆగినట్టయింది. నానాజీ దిగేడేటే, కుమారీ?"

"కాదత్తా. కట్టెల మోపు."

"ఓహో" అని మళ్ళీ వీధి వైపు చెవి పెట్టింది.

నానాజీ ఆమె కొడుకు, నా భర్త. ఆ వైశాఖంలోనే పోయాడు.

కరోనా రెండోసారి ఊళ్ళ మీద పడ్డ రోజులవి. చెరకుతోటకి నీళ్ళు కట్టడానికి వెళ్ళినవాడు ఒళ్ళు వెచ్చబడిందని మధ్యలోనే తిరిగొచ్చాడు. దగ్గు ముదిరాక విశాఖపట్నం ఆసుపత్రిలో చేర్చాం. అక్కణ్ణుంచి జిప్పు వేసిన తెల్ల సంచీలో వచ్చాడు. ఇంటికి కూడా తేనివ్వలేదు, తిన్నగా ఏటి ఒడ్డుకే తీసుకుపోయారు. ఎవరూ ముట్టుకోకూడదన్నారు. మా అమ్మాయి దివ్య దూరంగా నిలబడి, సంచీకి కట్టిన చీటీ చదివి నాన్న పేరే అంది. నాకప్పటికి అక్షరాలు రావు. అమ్మాయి చదివింది కాబట్టి నేను నమ్మాను. మా అత్త నమ్మలేదు.

ఆమెకు కళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. నీటికాసులని చెప్పారు డాక్టర్లు. చూపు పోయిన కొద్దీ ఆ చూపంతా వేళ్ళలోకి దిగిందేమో అనిపించేది. బియ్యంలో మట్టిబెడ్డ, దూడ చెవిలో గోమారి, నా చీర అంచులో ఊడిన కుట్టు, ఏదీ ఆమె చేతిని దాటి పోయేది కాదు. ఊళ్ళో ఎవరైనా పోతే తీసుకెళ్ళమనేది. తల దగ్గర కూర్చుని, పోయిన మనిషి మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా ఒకసారి తడిమేది. అప్పుడు ఏడ్చేది. అంతకు ముందు ఆమె కంట నీళ్ళు వచ్చేవి కావు.

"ఆసుపత్రోళ్ళు ఎవుడి మూటో మనకిచ్చేసేరు" అనేది. "అలగ జరుగుతున్నాయని అందరూ అంటన్నారు కదా. నా కొడుకు మొకం నన్ను ముట్టుకోనిచ్చేరా? ముట్టుకోకుండా ఎలగ ఏడమంటావే?"

ఆమె కంచంలో సగం అన్నం తీసి కొడుక్కని పక్కన పెట్టేది. మిగిలిన సగంలో సగం తినేది. చూస్తుండగానే మెడ ఎముకలు బయటపడ్డాయి. బంధువులు వచ్చి గట్టిగా చెప్పి చూశారు. సోదెమ్మను తెచ్చారు. సోదెమ్మ గొంతు మార్చి 'అమ్మా, నేను నానాజీనే' అనగానే మా అత్త చెయ్యి చాచి, "ఏదీ, ఓపాలి మొకం ఇటు పెట్టు" అంది. సోదెమ్మ బియ్యం కూడా తీసుకోకుండా లేచిపోయింది.

ఇంట్లో నేను ఏడవడానికి లేదు. నా ముక్కు చీదిన చప్పుడు విన్నా, బతికున్నోడికి ఏడుపేటే అని కోప్పడేది. దివ్య నర్సింగు చదువుకని హాస్టలుకి వెళ్ళిపోయాక మేమిద్దరమే మిగిలాం. చెరకుతోటలోకి పోయి ఏడ్చుకుని, మొహం కడుక్కుని వచ్చేదాన్ని. ఈవిడ ఒక్కసారి ఏడిస్తే బతుకుతుంది, లేకపోతే చలికాలం దాటదు అని నాకు తెలుస్తూనే ఉంది. నానాజీ పోయాడు. ఈ మనిషి కూడా పోతే నన్ను కుమారీ అని పిలిచే గొంతు ఆ ఇంట్లో ఉండదు.

వరద కట్టెల కోసం వెళ్ళిన రోజు ఏట్లో బంగారయ్యను చూశాను. అనకాపల్లి గవరపాలెంలో ఉండే వడ్రంగి. పంచదార చిలకల అచ్చులు చెక్కుతాడు. పెళ్ళి సారెలో పెట్టే చిలకలు, రథాలు, నెమళ్ళు, మా చుట్టుపక్కల ఏ మిఠాయికొట్లో పోసినా ఆయన అచ్చుల్లోంచి ఊడి రావలసిందే. మా అత్తను అప్పా అని పిలుస్తాడు. చుట్టరికం ఏమీ లేదు, ఆమె పుట్టింటి వీధిలో పుట్టాడు, అంతే. ఆ వరసన నాకు మావయ్య.

ఊరంతా కాల్చుకోడానికి ఏరుకుంటుంటే ఆయన మాత్రం దుంగల మధ్య తిరుగుతూ, ఒక్కోదాన్నీ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు. ఎవరో, మావా, లోపల ఎవులైనా పలుకుతున్నారేటి అని నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. ఇసుకలో సగం కూరుకుపోయిన ఒక నల్లటి తుండు దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. కత్తి మొనతో చిన్న పెచ్చు లేపాడు. పైన బొగ్గులా ఉన్న కట్టె లోపల పసుపు ముద్దలా ఉంది.

దాన్ని సైకిలుకి కట్టుకుని పోతూ మంచినీళ్ళకని మా అరుగు దగ్గర ఆగాడు. పనస చెట్టుదని, మొన్నటి గాలికి కూలింది కాదని, ఎప్పుడో చచ్చిన చెట్టు ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిందని చెప్పాడు. నానితే పచ్చి రసమంతా పోతుందట. ఇంక అది పగలదట. చెబుతూ చెబుతూ దాని మీద చెయ్యి వేసి నిమురుతూనే ఉన్నాడు.

సంచీలో ఏముందిరా గలగలమంటోంది అని మా అత్త అడిగింది. ఆయన ఒక అచ్చు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చూపుడువేలు ఆ గుంటలో అటూ ఇటూ తిరిగింది.

"నెమలి" అంది. "తోక ఎడమేపుకి తిప్పేవేటి?"

"అచ్చులో ఎడమ అయితే పంచదారలో కుడి అవుద్దప్పా. మా పనంతా తిరగేతే."

"పురుగుని నోట కరిచింది."

బంగారయ్య నా వైపు చూశాడు. నెమలి ముక్కులో ఆయన ఆవగింజంత పురుగును చెక్కాడట. కొన్న మిఠాయికొట్టువాడు కూడా దాన్ని గమనించలేదట.

ఆయన సైకిలు నడిపించుకుని రోడ్డెక్కేదాకా వెంట వెళ్ళాను. నానాజీ మొహం ఆ చెక్క మీద చెక్కగలవా మావయ్యా అని అడిగాను. ఫొటో ఉంది, కానీ అద్దం మీద చెయ్యి వేస్తే ఆమెకు అద్దమే తగులుతుంది. మొహం తగలాలి.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. సైకిలు స్టాండు వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు.

"నేను గుంటలు తవ్వేవోణ్ణమ్మా. మొకాలు లేపినోణ్ణి కాను. బతుకులో ఎప్పుడూ సెయ్యలేదు" అన్నాడు.

"ఆవిడికి ఇంకేటీ పనిసెయ్యలేదు మావయ్యా."

ఆయన తుండు వైపు చూశాడు. దేనికి దొరికిందో అనుకున్నాను అని తనలో తనే గొణుక్కుని, ఫొటో పంపమన్నాడు.

కార్తీకమంతా చెక్క నీడన ఆరింది. కోతమిల్లులో దాన్ని పలకగా కోయించి, చిత్రిక పట్టి, మార్గశిరంలో ఉలి పెట్టాడు. సంతకో, ఎరువుల కొట్టుకో అనకాపల్లి వెళ్ళినప్పుడల్లా నేను గవరపాలెం సందులో ఆయన రేకుల పాక దగ్గరికి పోయి ఓ మూల కూర్చునేదాన్ని.

పనిచేసే చేతులు నేను చాలా చూశాను. బెల్లం పాకం తీగను చూపుతోనే పట్టే మనుషుల మధ్య పెరిగాను. కానీ బంగారయ్య చేతుల్లాంటివి చూడలేదు. ఉలిని కొట్టేవాడు కాదు, అరచేత్తో నెట్టేవాడు. పసుపు పెచ్చులు వంకీలు తిరిగి ఒళ్ళో పడేవి. కాస్త చెక్కి, ఉలి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని చెక్కను తడిమేవాడు. చూసేది నేను కాదు కదమ్మా, అప్ప కదా, అనేవాడు. పక్క పాకలో బల్లలు చేసే కృష్ణబాబుకి ఇది పెద్ద వేడుక.

"మావా, నిద్దరోతా సెక్కితే ఏలు తెగుద్ది."

"తెగితే మీ అత్త కట్టు కడతాది. నీ బల్ల కాలు కుంటుతోంది, ముందది సూసుకో."

ఆయన నన్ను అడిగే ప్రశ్నలు కూడా నేను ఎదురుచూసినవి కావు. ముక్కు పొడవా పొట్టా అని అడగలేదు, అది ఫొటోలో ఉంది. నవ్వబోయే ముందు మొహంలో ఏది మొదట కదిలేది అని అడిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించి, కళ్ళ కింద అన్నాను. ఆ పై వారం వెళ్ళి చూస్తే కళ్ళ కింద గోరంత ఎత్తు లేచి ఉంది. నవ్వబోతున్న నానాజీ. నేను పైట నోటికి అడ్డం పెట్టుకున్నాను.

పని ఆపే ముందు ఆయన చెక్కకు నూనె రాసి, బంకమన్ను ముద్ద దాని మీద అద్ది, ఊడదీసి వెలుతురులో పెట్టి చూసుకునేవాడు. అచ్చులు చెక్కేవాళ్ళ అలవాటది. చెక్కను నమ్మరు, అందులోంచి ఊడి వచ్చినదాన్నే నమ్ముతారు. ఆ మట్టిలో మొహం గుంటగా పడేది. కానీ పక్క నుంచి ఎండ పడితే అదీ లేచినట్టే కనిపించేది. ఆయన మట్టి వంక చూసి, ఫొటో వంక చూసి, తల ఊపేవాడు.

పలక నా చేతికిచ్చిన రోజు కొత్త తువ్వాల్లో చుట్టి ఇచ్చాడు. షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. పక్కనున్న ఎలమంచిలి ఆవిడ అంచు తొలగించి చూసి, ఏ దేవుడమ్మా అని అడిగింది. మా ఆయన అన్నాను. ఆవిడ ఇంకేమీ అడక్కుండా తువ్వాలు సరిచేసి, గతుకులొచ్చినప్పుడల్లా పలక మీద తన చెయ్యి కూడా వేసి పట్టుకుంది.

అరుగు మీద మా అత్త ఒళ్ళో పెట్టి, ఏటో సూడత్తా అన్నాను. ఆమె వేళ్ళు జుట్టు దగ్గర మొదలుపెట్టాయి. నుదురు. ముక్కు దూలం. పెదవులు. మీసం.

"నానాజీ" అంది. "ముక్కు ఆడిదే. మూతి ఆడిదే. ఎవులు సేసేరే ఇది?"

వేళ్ళు కనుబొమల మీదికి వెళ్ళాయి. ఎడమ కనుబొమ మీద ఆగాయి. వెనక్కి వచ్చి మళ్ళీ తడిమాయి. కుడి కనుబొమ మీదికి పోయి, అక్కడ చెక్కిన గాటులో గోరు పెట్టి చూశాయి.

అప్పుడు మా అత్త నవ్వింది. వైశాఖం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"గాటు కుడేపుంది. నా కొడుక్కి ఎడమేపు. సిన్నప్పుడు సెరుకు కత్తి తగిలితే పసుపు అద్ది నానే ఒళ్ళో ఏసుకు కూకున్నాను. ఇది ఆడినాగ ఉంది గానీ ఆడు కాదే." పలకను నా వైపు జరిపింది. "ఆ మూట కూడా ఇలగే, కుమారీ. ఆడినాగ ఉంది, ఆడు కాదు. నాను సెప్తే మీరెవులూ నమ్మలేదు."

నేను పలక వంక చూశాను. నిజమే. గాటు కుడివైపే ఉంది. నేను ఆ కళ్ళు చూసి కనుబొమలు చూడలేదు.

ఆమెను ఏడిపించాలని తెచ్చిన చెక్క ఆమెకు గట్టి సాక్ష్యం అయి కూర్చుంది. ఆ సాయంత్రమే గాజుల మనిషిని పిలిపించి, నా రెండు చేతులూ తన ఒళ్ళోకి లాక్కుని కొత్త గాజులు తొడిగించింది. వచ్చేవాడికి బోసి చేతులు కనిపించకూడదట. ఎదురింటి చిన్నమ్మలు గుమ్మంలో నిలబడి, మొగుడు పోయినదానికి గాజులేటమ్మా, నవ్విపోతారు అంది. మా అత్త తల కూడా తిప్పలేదు.

"నా కొడుకు సంగతి సరేగానీ సిన్నమ్మలూ, నీ మొగుడు ఏ మందుకొట్టు కాడ పడున్నాడో ముందు ఎతుక్కో."

చిన్నమ్మలు తలుపేసుకుంది. గాజుల మనిషి నా మొహం చూసి, కళ్ళు దించుకుని, మిగిలిన గాజులు మెల్లగా తొడిగింది. ఆ రోజు నుంచి మా అత్త కొడుక్కని తీసే అన్నం సగం కంటే పెరిగింది.

పలక పట్టుకుని మళ్ళీ గవరపాలెం వెళ్ళాను. నిష్టూరంగా ఒక్క మాట కూడా అనలేదు, జరిగింది చెప్పానంతే. బంగారయ్య తన ఎడమ కనుబొమ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి అలాగే ముందుకు చాచి పలక మీద పెడితే అది పలకలోని కుడి కనుబొమ మీద, గాటు ఉన్నచోటే పడింది. లేచి వెళ్ళి పాత బంకమన్ను ముద్ద తెచ్చాడు. దాంట్లో గాటు సరిగ్గా ఫొటోలో ఉన్న వైపే ఉంది. మట్టిని చూసుకుని సరిపోయిందనుకున్నాడు. చెక్కలో తిరగబడింది.

మట్టి ముద్దను నేల మీద పెట్టేశాడు. కృష్ణబాబు కూడా రంపం ఆపేశాడు.

"బతుకంతా తిరగేసి సెక్కిన సెయ్యమ్మా" అన్నాడు చివరికి. "ఇది తిన్నగా సెక్కాలని నాకు తెలుసు. సేతికి తెల్దు."

కృష్ణబాబు ఒక ఉపాయం చెప్పాడు. రంపప్పొట్టు జిగురులో కలిపి కుడి గాటు పూడ్చేసి, ఎడమవైపు కొత్తగా గాటు పెడితే చాలదా అన్నాడు. రంగేస్తే ఎవరికీ తెలియదన్నాడు.

"కళ్ళున్నోళ్ళకి తెల్దు" అన్నాడు బంగారయ్య. "అప్ప ఏళ్ళకి తెలుద్ది. అతుకు తగిలిందంటే ఇంక నా మాటా నమ్మదు, ఈ అమ్మ మాటా నమ్మదు."

తీసిన కట్టెను తిరిగి పెట్టడం ఎవరివల్లా కాదు. మిగిలింది ఒకటే దారి. మొహం మొత్తాన్ని ఒక పొర కిందికి దించాలి. గాటు అడుగు తేలేదాకా నుదురూ ముక్కూ బుగ్గలూ అన్నీ చెక్కేసి, ఆ కింద ఉన్న కట్టెలో మళ్ళీ నానాజీని వెతకాలి. పలక మందం అంతంతమాత్రం. లోపల ఎక్కడైనా కణుపు అడ్డం పడిందంటే అయిపోయినట్టే. అలాంటి కట్టె మళ్ళీ దొరకాలంటే మళ్ళీ వరద రావాలి.

ఆయన నా ఎదుటే మొదటి పెచ్చు తీశాడు. ముక్కు మీద. ఎంతో ఇష్టంగా లేపిన ముక్కది. పెచ్చు నేల మీద పడుతుంటే నేను చూడలేక బయటికి వచ్చేశాను. ఆయన చెయ్యి మాత్రం తొణకలేదు. తన పనిని తనే చెరుపుకోవలసి వచ్చినప్పుడు అంత నెమ్మదిగా, అంత మర్యాదగా చెరుపుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

చుట్టుపక్కల గానుగలు మొదలయ్యాయి. కొత్త బెల్లం వాసన ఊరంతా కమ్మేసింది. మా తోట కూడా కొట్టించాను. మా అత్త గానుగ చప్పుడు వింటూ, ఈ పనికైనా రాడేటే ఈడు అని విసుక్కునేది. తినడం బాగా తగ్గిపోయింది. అరుగు ఎక్కాలంటే నేను నడుం పట్టుకోవలసి వస్తోంది. కబురొచ్చేదాకా నేను గవరపాలెం వైపు వెళ్ళలేదు. వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

ఆఖరికి కృష్ణబాబు ఫోను చేశాడు. వెళ్ళేసరికి బంగారయ్య పలకను గోడకి ఆనించి, దానికి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కూర్చున్నాడు.

"కట్టె సాల్లేదమ్మా. గాటు తిన్నగానే వచ్చింది. బుగ్గలే లోపలికి పోయేయి. తెరిసిన కళ్ళకి పైన కట్టె కావాలి, అది ముందే పోయింది. ఉన్నదాంట్లో రెప్పలే వచ్చేయి. మొన్నటి మనిషి రాలేదు. పాడుసేసేనేటి?"

నేను పలక ముందు కూర్చుండిపోయాను.

బుగ్గల ఎముకలు పైకి తేలి, వాటి కింద గుంటలు పడి ఉన్నాయి. దవడ సన్నబడింది. కళ్ళు మూసి ఉన్నాయి. ఈ మొహాన్ని నేను ఒక్కసారే చూశాను. ఆసుపత్రిలో నర్సమ్మ ఎవరో దయతలచి ఫోను నానాజీ ముందు పట్టుకుంది. వీడియోలో ఆ మొహం చూసి నేనూ దివ్యా నోళ్ళు మూసుకున్నాం. మా అత్త పక్కనే ఉంది. ఆమెకు వినిపించింది ఆయన అన్న ఒక్క మాటే. 'బాగానే ఉన్నానమ్మా' అన్నాడు. ఆ మాట అన్నాక ఆయాసంతో కళ్ళు మూసుకున్నాడు. అది ఆమెకు వినపడదు కదా.

ఈ సంగతి నేను బంగారయ్యకు చెప్పలేదు. ఆయన ముందున్నది ఒంట్లో బాగున్నప్పటి ఫొటో ఒక్కటే. కట్టె చాలక వచ్చిన మొహం అది. ఐనా చాలని కట్టెలోంచి ఒక్క అబద్ధం లేకుండా ఆ మొహాన్ని తీసింది మాత్రం ఆయన చెయ్యే.

"ఇలగే ఉన్నాడు మావయ్యా" అన్నాను.

ఈసారి పలకను ఆయనే తెచ్చాడు. సైకిలు వెనక కట్టుకుని, అనకాపల్లి నుంచి నడిపించుకునే వచ్చాడట. మా అత్త మధ్యాహ్నం ఎండలో అరుగు మీద దుప్పటి కప్పుకుని ఉంది.

"మళ్ళీ తెచ్చేవేటిరా బంగారయ్యా? ఇప్పుడు ముక్కు కూడా పక్కకి పెట్టేవేటి?"

"నువ్వే సూడప్పా" అని ఒళ్ళో పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు.

ఆమె ముందు కనుబొమల మీదికే వెళ్ళింది. కుడి కనుబొమ నున్నగా ఉంది. ఎడమ కనుబొమ మధ్యలో గాటు. గోరు దాంట్లో పెట్టి, అక్కడే ఉంచింది. పెదవుల మీద ఉన్న వెటకారం మెల్లగా పోయింది.

తర్వాత వేళ్ళు కిందికి దిగాయి. బుగ్గ ఉండవలసిన చోట ఆగాయి. అక్కడ ఏమీ తగలక లోపలికి జారాయి. రెండో చెయ్యి కూడా తెచ్చి, రెండు బుగ్గలూ ఒకేసారి పట్టుకుంది. దవడ మీదుగా గడ్డం దాకా వచ్చి, మళ్ళీ పైకి పోయి రెప్పల మీద ఆగింది. వాటిని తెరవడానికన్నట్టు బొటనవేళ్ళతో ఒత్తి చూసింది.

నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. వీధిలో చెరకు బండి పోయింది.

"ఎంత సిక్కిపోనాడే" అంది మా అత్త.

నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

"తిండి తినలేదేటి?"

"మింగుడు పడలేదత్తా."

"నాకు బాగానే ఉన్నానన్నాడు."

"నీకు తెలకూడదని."

ఆమె తల ఊపింది. పైట కొంగు వేలికి చుట్టుకుని, చెక్క మీద నుదుటి నుంచి గడ్డం దాకా తుడిచింది. జ్వరంతో ఉన్నవాడి మొహం తుడిచినట్టు, చెవుల వెనక కూడా తుడిచింది. అక్కడ చెవులు అంత లోతుగా చెక్కి లేవు. ఐనా తుడిచింది.

బంగారయ్య లేచాడు. చెప్పులు వేసుకుని, సైకిలు తాళం తీసి, వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోయాడు. చావు జరిగిన ఇంటి నుంచి మనుషులు అలాగే వెళతారు.

"కుమారీ, నూతి కాడికి తీసుకెళ్ళవే" అంది మా అత్త.

పలకను నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని లేచింది. చలిగా ఉందని, కాసేపు ఆగితే నీళ్ళు కాగబెడతానని చెప్పాను.

"ఈ తానానికి ఏన్నీళ్ళు ఎవులు పోసుకుంటారే."

గట్టు మీద కూర్చోబెట్టాను. చేద నూతిలోకి వదిలాను. మొదటి నీళ్ళు నెత్తిన పడగానే ఆమె కొడుకును పేరు పెట్టి పిలిచింది. ఏడుపు అప్పుడు వచ్చింది. నేను చేదతో తోడి పోస్తూనే ఉన్నాను, పోస్తూ ఆవిడతో పాటు గొంతెత్తి ఏడ్చాను. ఏడవద్దని ఆమె నన్ను అనలేదు.